కార్తీక దీపం మొత్తం చూడాల్నా, కొంత వదిలేయొచ్చా?

పానగల్లు_పిల్ల
లెక్కేసి చూస్తే కండ్లు తిరుగుతున్నయి. కార్తీక దీపం మొదటిది 1569 ఎపిసోడ్లు. యాడ్లు తీసేసి ఒక్కోటి 22 నిమిషాలు వేసుకున్నా 575 గంటలు. రాత్రీ పగలూ ఆపకుండ చూసినా 24 రోజులు. మొత్తం ఫోన్లనే ఉన్నది, చూడబుద్ధి అయితది, నాలుగు ఎపిసోడ్లు అయినంక ఇంతసేపు దీనికి పెట్టిన్నా అని మనసు పీకుతది. చూసినోళ్లు చెప్పుండ్రి: ఏ ముక్కలు వదిలేసినా కథ తెగదు? ఇంకోటి, బిడ్డ తనది కాదని పెండ్లాం దీపను అనుమానించే కార్తీక్ అంత పెద్ద డాక్టరు గదా, ఒక్క డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటే అయిపోయే గొడవను ఏండ్లకేండ్లు లాగినా జనం ఎట్ల చూసిన్రు?

పాలమూరు_పోరగాడు
మొత్తం వదిలేయ్ అక్కా. కథ ఏమాత్రం తెగదు.

దేవరకొండ_దారి
పోరగాడా, చూడనోనికి ఆ మాట చెప్పే హక్కు లేదు. 2017 అక్టోబరు 16న స్టార్ మాల మొదలై 2023 జనవరి 23 దాకా రాత్రి ఏడున్నరకు ఊరిని ఇండ్లల్ల కూసోబెట్టిన సీరియల్ అది. అందుల ఏదో ఒకటి ఉన్నట్టే గదా.

పాలమూరు_పోరగాడు
ఉన్నది అన్నా, ఏడుపు.

దేవరకొండ_దారి
ఏడుపు అన్ని సీరియళ్లల్ల ఉంటది. అన్నిటినీ ఐదేండ్లు ఎవరు చూసిన్రు? ఇండ్లు పట్టుకున్నది వంటలక్క, అంటే దీప. మొగుడు అనుమానపడి వద్దన్నంక దీప పుట్టింటి అరుగు మీద కూసొని ఏడ్వలే. పొయ్యి ముట్టిచ్చి నలుగురికి వండి పెట్టి, ఆ పైసలతోని బిడ్డను సాదుకున్నది. మొగుడు డాక్టరు, అత్తగారిల్లు బంగళా, అయినా ఒక్క రూపాయి అడగదు. ఆమెను చూసినోళ్లు జాలిపడి చూడలే, గౌరవంతోని చూసిన్రు. "డాక్టర్ బాబూ" అని పిలిచే పిలుపుల గూడ ప్రేమ ఎంతుంటదో దూరం అంతుంటది. ఒక్క మాటల రెండూ పెట్టుడు తేలిక కాదు.

మూసీ_గట్టు
ఆ మాట నిజమే గని సగమే. మొదలు అది రంగు కథ. మలయాళంల 2014ల వచ్చిన కరుత్తముత్తు దీనికి మూలం, ఆ పేరుకు అర్థమే నల్లముత్యం. నల్లగున్న పిల్లకు ఇంట్ల, బయట, పెండ్లి సంబంధాలల్ల ఏమైతదో చెప్పాలని ఎత్తుకున్నరు. మన దిక్కు పెండ్లిచూపులల్ల "పిల్ల జెర చామనఛాయ" అని గొంతు తగ్గించి చెప్తరు గదా, ఆ గొంతు తగ్గించుడు మీద కథ అది. మొదటి ఎపిసోడ్లు అందుకే గుండెకు తగిలినయి. తర్వాత ఏం చేసిన్రు? కార్తీక్‌కు పిల్లలు పుట్టరని అతని స్నేహితురాలు మోనిత దొంగ రిపోర్టు చూపించిన కాడి నుంచి రంగు పక్కకు పోయింది, శీలం ముందుకొచ్చింది. నల్లగ ఉన్నందుకు పడ్డ బాధ ఇగ దీప తప్పు చేసిందా లేదా అనే విచారణ అయింది. ఎత్తుకున్న విషయం ఒకటి, ఏండ్లు నడిపింది ఇంకోటి. నాకు పెద్ద లోపం అదే, సాగదీసుడు కాదు.

పిల్లలమర్రి_నీడ
రంగు గురించి అన్నరు గాబట్టి. దీప పాత్ర వేసిన ప్రేమి విశ్వనాథ్ తెల్లగ ఉంటది. ఆమెకు నలుపు పూసి చూపించిన్రు. మలయాళంల గూడ మొదలు ఆమెనే. నల్లపిల్ల కథకు నల్లగున్న నటి దొరకదా? ఈ ప్రశ్నకు సీరియల్ దగ్గర జవాబు లేదు.

పానగల్లు_పిల్ల
అవునా? నిజంగ పూసినట్టే అనిపించలే.

పిల్లలమర్రి_నీడ
పెద్ద తెరల మీద పెట్టి చూడు. మొహానికి రెండు మూడు షేడ్లు ముదురు ఫౌండేషన్ పూసినప్పుడు పట్టుబడే జాగలు కొన్ని ఉంటయి: చెవి వెనక, నుదుటి మీద వెంట్రుకలు మొదలయ్యే గీత, జాకెట్ చెయ్యి అంచు, వేళ్ల కణుపులు. పొద్దుగాల పూసింది మధ్యాహ్నానికి లైట్ల వేడికి చెమట పట్టి తేలిపోతది, మళ్ల అద్దుతరు. అందుకని ఒకే సీన్ల దగ్గరి షాట్‌కు, దూరపు షాట్‌కు రంగు తేడా కొడతది. ఏడ్చే సీన్లల్ల ఇంకా కష్టం, కన్నీళ్లు జారిన దారి గీత లెక్క కనపడతది. తుడిచేటప్పుడు కొంగుతోని రుద్దకుండ మెల్లగ అద్దుకునేది అందుకే.

మిర్యాలగూడ_మిల్లు
ఇగ నుంచి కథ చూడం, కొంగు చూస్తం.

ఎడిటింగ్_టేబుల్
సాగదీసుడు ఎట్ల చేస్తరో చెప్త, అప్పుడు ఎక్కడ వదిలేయాలో మీకే తెలుస్తది.

అరగంట స్లాట్‌ల కథ 22 నిమిషాల చుట్టుపట్ల. యాడ్లు గంటకు 12 నిమిషాలు మించొద్దని రూలు, అందుల ఛానల్ సొంత ప్రోమోలు గూడ కలిపే. ఆ 22ల మొదటి నిమిషంనర, రెండు నిమిషాలు నిన్నటి ముగింపు మళ్ల. చివర అర నిమిషం "రేపటి భాగంలో". మిగిలిన 19ల కథ కదిలేది నాలుగైదు నిమిషాలు. మిగతాది మొహాలు. హాల్ల ఆరుగురు నిలబడి ఉన్నరు, ఒకామె "ఈ బిడ్డ నీ బిడ్డే" అన్నది అనుకో. ఆరు మొహాల మీదికి ఒక్కోదానికి మూడు సెకన్లు, దాన్నే మూడు సార్లు దగ్గరికి గుంజి సప్పుడు కొడితే ఇంకో మూడు. ఒక్క మాటకు 36 సెకన్లు అయిపోయినయి. ఇట్లాంటివి ఎపిసోడ్‌ల ఐదు పడితే మూడు నిమిషాలు రాసే పనిలేకుండ గడుస్తది.

వారానికి ఆరు రోజులు. సోమవారం ముడి విప్పుతరు, మంగళవారం నుంచి శుక్రవారం దాకా ఆ ముడి చుట్టు తిరుగుతరు, శనివారం కొత్త ముడి. ఆదివారం ఎపిసోడ్ ఉండదు గనుక శనివారం ముడి బలంగ ఉండాలె, లేకుంటే సోమవారం జనం తిరిగి రారు. గాబట్టి సోమ, శని రెండే చూస్తే 1569ల మూడో వంతు, 523. మొదటి రెండు నిమిషాలు, మొహాలు దాటేస్తే ఒక్కోటి 18 నిమిషాలు. 575 గంటలు 157కు దిగుతది.

పానగల్లు_పిల్ల
157 అయితే చూడొచ్చు. సోమ, శని ఏ ఎపిసోడో ఎట్ల తెలుస్తది అన్నా?

ఎడిటింగ్_టేబుల్
ఎపిసోడ్ కింద ప్రసారమైన తేదీ ఉంటది, క్యాలెండర్ పక్కన పెట్టుకో. అంకెలు లెక్కపెట్టుకుంట పోతే తప్పుతది. 2020 మార్చిల షూటింగులు బంద్ అయినయి, జూన్‌ల గని మళ్ల మొదలు గాలే. ఆ మధ్యన కొత్త ఎపిసోడ్లు లేవు. పాత పద్ధతిల ఆరుకొకటి అని లెక్కేస్తే అక్కడ దారి తప్పుతవ్.

"రేపటి భాగంలో" మాత్రం నమ్మొద్దు. అందుల చూపించిన చెంపదెబ్బ తెల్లారి ఎవరి ఊహల్నో పడ్డదై ఉంటది.

జొన్నరొట్టె
ఎడిటింగ్ తమ్ముడు కండ్లతోని చూసేటోళ్ల లెక్క చెప్పిండు. ఏడున్నరకు మన ఇండ్లల్ల ఆడోళ్లు కూసొని చూస్తరా? రొట్టెలు ఎవరు కొడతరు? సీరియల్ చెవులకు రాసింది. అందుకే అన్న మాట మళ్ల అంటరు, పేరు పెట్టి మళ్ల మళ్ల పిలుస్తరు, మోనిత వచ్చేముందు ఆమె సంగీతం వస్తది. పెంక మీది నుంచి తల ఎత్తకుండనే ఎవరు వచ్చిన్రు, ఎవరు అలిగిన్రు తెలిసిపోతది. మీరు సాగదీసుడు అంటున్నది అక్కరకొచ్చే సాగదీసుడు.

మిర్యాలగూడ_మిల్లు
ఈ మాట ఎవరూ చెప్పలే ఇప్పటిదాకా. ఒక్కో యాడ్ గ్యాప్‌కు ఎన్ని రొట్టెలయితయి అక్కా?

జొన్నరొట్టె
చెయ్యి తిరిగినోళ్లకు రెండు. కని ఒక సంగతి. సీరియల్ మొదలుగాకముందే పిండంత ఒక్కసారి పిసికి పెట్టుకుందామని చూడొద్దు. జొన్నపిండిల సాగే గుణం లేదు. మసిలే నీళ్లు పోసి కలిపితేనే అంటుకుంటది, ఆ వేడి దిగినంక అంచులు పగులుతయి. గ్లాసు పిండికి ముప్పావు గ్లాసు నీళ్లు, పాత పిండైతే ఇంకో రెండు చెంచాలు. మూడు రొట్టెలకు సరిపోయేటంత మాత్రమే కలపాలె, అవి అయినంక మళ్ల కలపాలె. మీద నీళ్లు రాసిన దిక్కు తడి ఆరకముందే తిప్పెయ్యాలె, దీప ఏడుస్తుందని ఆగితే రొట్టె పలుగుతది.

పాలమూరు_పోరగాడు
ఈ థ్రెడ్‌ల పనికొచ్చే మొదటి ముక్క ఇదే.

ల్యాబ్_మేడమ్
అసలు ప్రశ్నకు వస్తా. కార్తీక్ గుండె డాక్టరు. తనకు పిల్లలు పుట్టరని ఒక్క రిపోర్టు చూసి నమ్మేస్తాడు, అదీ స్నేహితురాలు ఇచ్చింది. వైద్యం చదివినవాళ్లు ఎవరూ అలా చేయరు. వీర్య పరీక్ష ఒక్కసారి చేసి ఎవరికీ తుది మాట చెప్పరు. రెండు నుంచి ఏడు రోజులు వీర్యం పోకుండా ఎడం పాటించాక శాంపిల్ ఇవ్వాలి, ఇచ్చిన గంటలోపు ల్యాబ్‌లో చూడాలి. ఎడం తప్పినా, దారిలో ఆలస్యమైనా, ఆ మధ్య గట్టిగా జ్వరం వచ్చినా అంకెలు పడిపోతాయి. కణాలు తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి జ్వరం ప్రభావం నెలల తర్వాత కూడా కనిపిస్తుంది. అందుకే తేడా వస్తే పరీక్ష మళ్లీ చేయిస్తారు. ఇంకో ల్యాబ్‌లో చేయిస్తే మరీ మంచిది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 పట్టికలో మిల్లీలీటరుకు కోటిన్నర కణాలు కింది గీత, 2021లో దాన్ని 1.6 కోట్లు చేశారు. ఆ గీత కింద ఉంటే పిల్లలు పుట్టరని అర్థం కాదు, ఆలస్యం కావచ్చు అంతే. అసలు కణాలే లేవని రిపోర్టు వచ్చినా శాంపిల్‌ను యంత్రంలో తిప్పి అడుగున చేరినదాన్ని మళ్లీ చూస్తారు. కథ నిలబడ్డ మేకు ఇది. ఇంకో ల్యాబ్‌లో చూపించుకుంటే అదే వారం ఊడిపోయేది.

డీఎన్‌ఏ సంగతి ఇంకా చిన్నది. బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్దితే చాలు, సూది కూడా గుచ్చరు. తండ్రీబిడ్డల శాంపిళ్లలో ఇరవై దాకా గుర్తులు పోల్చి చూస్తారు. బిడ్డకు ప్రతి గుర్తులో ఒక సగం తల్లిది, ఒక సగం తండ్రిది ఉంటుంది. తండ్రి అయితే ఆయనే తండ్రి అనే సంభావ్యత 99.9 శాతం పైన వస్తుంది, కాకపోతే చాలా గుర్తుల దగ్గర తేడా కొట్టేస్తుంది. ఒక్క గుర్తు తేడాతో మాత్రం కాదనేయరు, సహజంగా ఎప్పుడో ఒకటి మారుతుంది.

దేవరకొండ_దారి
మేడమ్, చేయించుకోకపోవుడే గదా ఆ పాత్ర. బిడ్డ తనది కాదని తేల్తదేమో అనే భయం ఒకటి, తనదని తేలితే ఇన్నేండ్లు చేసింది ఏందనే భయం ఇంకోటి. దీప గూడ పరీక్షతోని వచ్చే నమ్మకం నాకొద్దు అన్నట్టే ఉంటది. అది తప్పు రాత కాదు.

ల్యాబ్_మేడమ్
భయం అయితే భయం అని చూపించాలి. వాళ్లు దాన్ని ఆత్మాభిమానంగా చూపించారు. భయపడుతున్నది ఆయన, రుజువు చేసుకోవాల్సి వచ్చింది ఆమె. రుజువు ఆయన బుగ్గలోనే ఉంది.

మూసీ_గట్టు
ఈ చివరి మాట నేను రాయాల్సింది.

కోర్టు_వరండా
చట్టం వైపు నుంచి ఒకటి చెప్పాలి, ఎందుకంటే సీరియల్ చూసి "డీఎన్‌ఏ వేయిద్దాం సార్" అని అడగడం మామూలైపోయింది. పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే అని చట్టం ముందే అనుకుంటుంది. పాత సాక్ష్య చట్టంలో 112వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 116. కాదని అనేవాడు, గర్భం నిలిచే అవకాశమున్న రోజుల్లో తామిద్దరూ కలిసే వీలే లేదని చూపించాలి. భార్య ఏమీ నిరూపించుకోనక్కర్లేదు. కార్తీక్ కోర్టుకు వచ్చి ఉంటే మొదటి రోజే ఈ మాట వినేవాడు.

అడిగిన వెంటనే కోర్టు డీఎన్‌ఏ పరీక్షకు కూడా పంపదు. భర్త అనుమానం తీర్చడానికి పిల్లలను మామూలుగా పరీక్షలకు పంపకూడదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది, బిడ్డ పరువు బిడ్డదే అని దాని సారం. కోర్టు ఆదేశిస్తే శాంపిళ్లు హైదరాబాద్ ఉప్పల్‌లో డీఎన్‌ఏ పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ సంస్థ లాంటి చోటికి వెళ్తాయి.

ఇంకొకటి, ఎవరూ పట్టించుకోనిది. దీప బిడ్డ కోసం మనోవర్తి అడగవచ్చు. అప్పట్లో పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ)లో 125వ సెక్షన్, ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144. భర్తతో ఉండకపోయినా, తను నాలుగు రూపాయలు సంపాదించుకుంటున్నా, బిడ్డ హక్కు పోదు. ఆత్మగౌరవం పేరుతో అడగకపోవడాన్ని సీరియల్ గొప్ప చేసింది. చూసే ఆడవాళ్లలో నిజంగా అవసరమున్నవాళ్లు ఉంటారు, అడగడం తలవంపు అనుకుంటారు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది అదే.

దేవరకొండ_దారి
ఇది ఒప్పుకుంట. నేను పైన "ఒక్క రూపాయి అడగదు" అని మెచ్చుకున్న. బిడ్డ పైసల కాడ ఆ మెచ్చుకోలు వాపస్ తీసుకుంటున్న.

మిర్యాలగూడ_మిల్లు
అత్త గురించి ఎవ్వరూ అంటలేరు. సౌందర్య. మొదలు రంగు చూసి కోడలిని ఈసడించుకున్న మనిషి, తర్వాత కొడుకునే నిలదీసే మనిషి అయింది. కవలల్లో ఒక బిడ్డ హిమను తీసుకపోయి, ఎవరిదో అనాథ పిల్ల అని చెప్పి తండ్రి చేతులనే పెంచింది. శౌర్య తల్లి దగ్గర. అది తప్పా ఒప్పా అనేది పక్కన పెట్టుండ్రి, ఆ ఒక్క రహస్యం మోస్తున్నందుకే ఆమె ఉన్న ప్రతి సీన్ల రెండు అర్థాలు ఉంటయి. అర్చన అనంత్ చేసింది. అత్త మారుడు ఒక్క రాత్రిల చూపించలే, ఏండ్లు పట్టింది. డైలీ సీరియల్‌కు ఉన్న పొడుగు అక్కరకొచ్చింది ఆ ఒక్క పాత్రకే.

పానగల్లు_పిల్ల
అయితే సౌందర్య సీన్లు దాటేయొద్దన్నట్టు.

మిర్యాలగూడ_మిల్లు
దాటేయొద్దు. మోనితవి దాటేయొచ్చు. శోభా శెట్టి మంచిగనే చేసింది గని ఒకటే ఎత్తు మల్ల మల్ల: వినుడు, తలుపు చాటున నవ్వుడు, ఫోన్ చేసుడు.

మూసీ_గట్టు
విహారి మీద అనుమానం గూడ దాటేయొచ్చు. రాసుకునే మనిషి ఒకాయన దీపను మర్యాదగ చూస్తడు, అదే ఆమె మీద నేరం అయితది. కథకు అది కావాలె గని అన్ని వారాలు అక్కరలే.

పాలమూరు_పోరగాడు
సరే, ఇన్ని లోపాలు మీరే చెప్తున్నరు. మరి ఛానల్ వాళ్లకు తెలుస్తలేదా?

ఎడిటింగ్_టేబుల్
వాళ్లకు తెలిసేది గురువారం వచ్చే అంకె. టీవీ ఎంతమంది చూసిన్రో లెక్కగట్టే సంస్థ బార్క్, దాని మీటర్లు దేశం మొత్తంల వేల ఇండ్లల్ల ఉంటయి. ఎంతమంది చూసిన్రు అనేదే గాక ఎంతసేపు చూసిన్రు అనేది గూడ అందుల కలుస్తది. అరగంటల పావుగంట చూసి లేస్తే సగమే లెక్క. అందుకే ప్రతి యాడ్‌కు ముందు ఎవరో తలుపు తీస్తరు, వచ్చినోళ్లు ఎవరో చూపించరు. అంకె మంచిగున్న ముడిని విప్పితే ఆ అంకె పోతదేమో అని భయం. డాక్టరు పరీక్షకు భయపడ్డడు అన్నరు గదా, నిజం చెప్పాల్నంటే ఆ భయం రాసేటోళ్లది.

విప్పినంక ఏమైతదో గూడ చూసిన్రు. 2022ల కార్తీక్, దీప కారు ప్రమాదంల పోయినట్టు చూపించి, హిమ, శౌర్యలను పెద్దోళ్లను చేసి కథ నడిపిన్రు. జనం ఒప్పుకోలే. మళ్ల అదే ఏడు ఇద్దరినీ బతికించి తీసుకొచ్చిన్రు. 2023 జనవరిల ముగించి, తెల్లారి 24న అదే టైంకు బ్రహ్మముడి పెట్టిన్రు.

పిల్లలమర్రి_నీడ
బయట గూడ ఈ కథ ఎన్నో భాషలకు పోయింది. తమిళంల భారతి కణ్ణమ్మ, కన్నడంల ముద్దులక్ష్మి, మరాఠీల రంగ్ మాఝా వేగళా. తమిళంల కణ్ణమ్మ ఇల్లు వదిలి సంచి పట్టుకొని నడిచే సీన్ ఎపిసోడ్లకు ఎపిసోడ్లు పోతే జనం దాన్ని ఊరూరా తిప్పిన్రు. సాగదీసుడు మన ఒక్కరిదే కాదు.

పానగల్లు_పిల్ల
అందరు చెప్పింది పట్టుకొని ఇట్ల అనుకున్న. మొదటి రెండు నెలలు పూరాగ చూస్త, రంగు కథ కోసం. తర్వాత సోమ, శని. సౌందర్య కనపడితే ఆగుత, మోనిత నవ్వితే దాటేస్త. కారు ప్రమాదం కాడ ఆపేస్త. సరేనా?

దేవరకొండ_దారి
శౌర్య, హిమ ఒకే బడిల కలిసే రోజులు సోమ, శనికి కోత పెట్టకు. పిల్లలిద్దరు అంత సహజంగ చేసిన్రు. అక్కడ ఆరు రోజులూ చూడు.

మూసీ_గట్టు
ప్రమాదం కాడ ఆపి చివరి వారం ఒక్కటి చూడు, నిరుపమ్ పరిటాల, ప్రేమి విశ్వనాథ్ ఇద్దరి కోసం. ఇద్దరిల ఎవరూ మాట్లాడకుండ నిలబడ్డ సీన్లే ఈ సీరియల్‌ల మంచియి.

పాలమూరు_పోరగాడు
రెండోది ఒకటి ఉన్నదట గదా, నవ వసంతం. దానికి ఇదంత చూసి ఉండాల్నా?

మిర్యాలగూడ_మిల్లు
అక్కర్లే తమ్మీ. 2024 మార్చి 25న మొదలైంది. దీప, కార్తీక్ పేర్లు అవే, నటులు వాళ్లే, కథ వేరే. ఈ 1569తోని దానికి ముడి లేదు. ఏందీ, చూస్తవా?

పాలమూరు_పోరగాడు
మొదటిదే. సోమ, శని.

జొన్నరొట్టె
పిండి మూడు రొట్టెలకే కలపుమను ఎవరినన్నా.